తవుడుకి కొన్న కొడుకు

కిందటి వారం నిహారికను మనం కంచిలి దాటాక కొబ్బరితోటల మధ్య, పోలీసు జీపులో వదిలిపెట్టాం. ఒడిలో ఆమె సంతకం చేసిన డీఎన్ఏ నివేదికే ఉంది. సంతబొమ్మాళి తీరానికి కొట్టుకొచ్చిన శవం రత్నాలమ్మ కొడుకు ఢిల్లీబాబుది కాదని అందులో రాసింది ఆమే. ఆ ఒక్క మాటతో జీడిపప్పు వ్యాపారి ఢిల్లేశ్వరరావు గట్టున పడ్డాడు. తన దగ్గర వ్యాను తోలే ఢిల్లీబాబు సరుకు కాజేసి పారిపోయాడని అతను పెట్టిన కేసు నిలబడింది. ఖాళీ వ్యాను ఒడ్డున దొరికింది, తల వెనక ఇనపరాడ్డు దెబ్బతో ఒక శవం దొరికింది, కానీ ఆ శవానికి పేరు లేదు. టెక్కలి మార్చురీ వాళ్ళు రేపు పొద్దున్న దాన్ని అనాథ శవంగా పూడ్చేస్తారు.

నివేదిక వెనక ఇంకో కాగితం ఉంది. దాన్ని రెండోసారి చదివాకే నిహారిక విశాఖ ల్యాబు నుంచి తనే బయల్దేరింది.

జీపు ఆగేసరికి రత్నాలమ్మ కళ్ళం దాటి ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి. భర్త కిడ్నీలు పాడై చనిపోయాక ఎకరం జీడితోట, పది కొబ్బరిచెట్లు ఒంటిచేత్తో చూసుకుంటోంది. ముఖంలో మాత్రం పండగ ఉంది.

"ఈ అమ్మేనా బాబూ, మా ఓడు కాదని సెప్పిన డాట్రమ్మ?" అంది ఎస్సై ఫణిశంకర్‌తో.

"డాక్టర్ కాదు, సైంటిస్టు. పలాస నరహరి పంతులు గారి అమ్మాయి."

"పంతులు గారి పాపవా. మా ఇంటికి ముహూర్తం ఎట్టింది మీ నాయినేనమ్మా. అందుకే నీ సేతిలో అంత మంచి ఉన్నాది." అప్పటికే కొట్టి ఉంచిన కొబ్బరిబొండాం తెచ్చి నిహారిక చేతిలో పెట్టింది. "తాగు పాపా. నీ కడుపు సల్లగుండ. నా కొడుకు బతికున్నాడని కాయితం మీద రాసినావు."

నిహారిక బొండాం తాగకుండా చేతిలోనే పట్టుకుంది.

"అలా రాయలేదమ్మా. ఆ శవం మీ రక్తంతో కలవలేదని రాశాను."

"రెండూ ఒకటే కదేటి."

"కొడుకు దొంగ అంటున్నారు, అది గుర్తుందా?" అన్నాడు ఫణిశంకర్.

"అననీ బాబూ. దొంగైతే జైలుకెల్తాడు. జైలుకెల్లినోడికి నెలకోపాలి కూడట్టుకెల్లొచ్చు. సచ్చిపోనోడికి ఏటి పట్టుకెల్తాం?"

నిహారికకు లెక్క తెలుసు, అదే ఆమె బాధ. ఢిల్లీబాబు బతికి ఉంటే దొంగ. చనిపోయి ఉంటే నిర్దోషి. ఈ తల్లి దొంగనే కోరుకుంటోంది.

కళ్ళంలో ఓ పక్క ఒకావిడ పీట వేసుకుని జీడిపిక్కలు కొడుతోంది. రత్నాలమ్మ కంటే నాలుగైదేళ్ళు చిన్న. తల ఎత్తలేదు. పిక్క కొట్టడం, పప్పు తియ్యడం, పెంకు విసరడం, అంతే. ఆమె వేళ్ళకొసలు జీడి తగిలి తగిలి బొగ్గులా నల్లబడి, నున్నగా మెరుస్తున్నాయి.

"ఆవిడ వేళ్ళు చూశారా మేడం," అన్నాడు ఫణిశంకర్, మాట మార్చడానికి దొరికిందని. "ఈ పని చేసేవాళ్ళకి గీతలు మిగలవు. రేషన్ మిషన్ మీద వేలు పెడితే మనిషే లేదంటుంది. నెలనెలా ఇదే పంచాయితీ."

"నేను వేళ్ళ గీతల కోసం రాలేదండీ. జీడికీ ఉప్పునీళ్ళకీ చెరగని ముద్ర ఒకటుంది, దాని కోసం వచ్చాను."

నిహారిక అరుగు మీద కూర్చుని రత్నాలమ్మను పక్కన కూర్చోమంది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి అరుగులు చాలానే చూసింది. బిడ్డ నాది కాదని కోర్టులో ఒట్టు వేసిన తండ్రుల్ని ఈ పరీక్ష అబద్ధం చెప్పనివ్వలేదు. రైలు బోగీలో కాలిపోయిన వాళ్ళను ఎవరి వాళ్ళకు వాళ్ళను అప్పగించింది. చెయ్యని తప్పుకు ఆరేళ్ళు జైల్లో ఉన్నవాణ్ణి ఇంటికి పంపింది. అన్నిచోట్లా అది నిజమే చెప్పింది. ఈసారీ నిజమే చెప్పింది, అడిగిన ప్రశ్నే సరైంది కాదేమో.

"అమ్మా, మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక రాత ఉంటుంది. రక్తంలో, పంటిలో, ఎముకలో, ఎక్కడ చూసినా అదే రాత. చాలావరకు మనుషులందరికీ ఒకేలా ఉంటుంది. కొన్నిచోట్ల మాత్రం తేడా ఉంటుంది. అలాంటివి ఓ ఇరవై చోట్లు మేం చూస్తాం. ఇరవై గళ్ళనుకోండి. ఒక్కో గడిలో రెండేసి అంకెలు. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. తల్లీబిడ్డా అయితే ప్రతి గడిలో ఒక అంకె కలిసి తీరాలి."

"కలవనేదు కదా."

"ఇరవైలో ఏడు గళ్ళలో అసలు కలవలేదు. అంటే మీరు ఆ మనిషిని కన్నతల్లి కాదు. అక్కడితో అయిపోయేది. కానీ సముద్రంలో తొమ్మిది రోజులు నానిన శవం కదా అని, నేను పంటి నుంచి ఇంకో పరీక్ష కూడా చేశాను." నిహారిక ఆగింది. మైటోకాండ్రియా అనే మాట ఈ అరుగు మీద పనిచెయ్యదు. "మీ ఇంట్లో పెరుగు తోడు ఎక్కడిది?"

రత్నాలమ్మ వింతగా చూసింది. "మా అమ్మ ఇంటిదే. కాపరానికి ఒచ్చినప్పుడు తెచ్చుకున్నాను."

"ఇలాంటి తోడే ఒంట్లోనూ ఒకటుంది. తల్లి బిడ్డలందరికీ ఇస్తుంది. కొడుకులు తీసుకుంటారు కానీ, తమ పిల్లలకి ఇవ్వలేరు. కూతుళ్ళు మాత్రమే మళ్ళీ తమ పిల్లలకి ఇస్తారు. మీ అమ్మ నుంచి మీకొచ్చిన తోడూ, ఆ శవంలో ఉన్న తోడూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే."

కళ్ళంలో పిక్క కొడుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మీరు ఆ మనిషికి తల్లి కాదు. కానీ మీదీ అతన్ని కన్నామెదీ ఒకటే తల్లి వరస. అమ్మా, మీకు తోడబుట్టిన ఆడవాళ్ళున్నారా?"

నిహారిక ఆమెను చూడటం లేదు. చప్పుడు ఆగిన వైపు చూస్తోంది.

"తల్లెవరని అడిగితే ఊరు ఊరంతా ఈవిడ్నే చూపించారు మేడం," అన్నాడు ఫణిశంకర్. "ఆధార్లో ఈవిడే, రేషన్ కార్డులో ఈవిడే. ఏమ్మా, పోలీసుల దగ్గర అబద్ధమాడితే..."

"మీరు కాసేపు జీపు దగ్గర ఉంటారా?" అంది నిహారిక.

అతను వెళ్ళాడు. నల్లబడిన చేతుల్ని కొంగుకు తుడుచుకుంటూ పిక్కలు కొడుతున్న ఆవిడ లేచింది.

"నోరు మూసుకో, కళా," అంది రత్నాలమ్మ, తల తిప్పకుండానే.

"ఎన్నాళ్ళు మూసుకోనప్పా?"

"కళావతీ."

"ఇరవైనాలుగేళ్ళు మూసుకున్నాను. రేపు ఆడిని ఎవుడో పరాయోడు గుంతలో ఎట్టేత్తాడంట." కళావతి అరుగు దగ్గరకొచ్చి నేల మీదే కూర్చుంది. "నాను మా అప్పకి సెల్లెల్ని పాపా. ఎదురిల్లే. మా అప్పకి ముగ్గురు పుట్టినారు, ముగ్గురూ పురిట్లోనే పోనారు. నాకు పెద్దోడు పుట్టినాక, రెండోవోడు కడుపులో ఉండగా, మంత్రసాని ఒక మాట సెప్పినాది. సేటలో తవుడు పోసి పట్రా, పుట్టిన గుంటడిని కొనుక్కో, కొన్న బిడ్డని సావు పట్టుకెల్లదు అని. పుట్టిన మూడోనాడు అప్ప తవ్వెడు తవుడు తెచ్చినాది. నాను మొకం తిప్పుకుని గుంటడిని సేటలో ఎట్టినాను. తవుడు ఆవుకి ఎట్టేసినాం."

"ఆ తర్వాత?"

"తరవాత ఏటున్నాది. అమ్మీసిన తల్లి నా కొడుకు అని అనకూడదు. మనసులో కూడా అనుకోకూడదు. అంటే సావు ఇనేత్తాదంట. నా సేత్తో ముద్ద కూడా ఎట్టలేదమ్మా ఆడికి. కంచంలో కూడెట్టి పెరట్లోకి ఎల్లిపోయీదాన్ని. 'పిన్నికి నానంటే ఎలపరం, అన్నకైతే కలిపి ఎడతాది' అని ఎటకారం ఆడీవోడు."

ఊరంతటికీ తెలిసిన సంగతే. ఊరంతా కలిసి, ఒక గుంటడి ప్రాణం కోసం, ఇరవైనాలుగేళ్ళు నోరు కట్టుకుంది. పోలీసులు తల్లెవరని అడిగితే అలవాటు కొద్దీ రత్నాలమ్మనే చూపించింది. అందులో ఎవరికీ అబద్ధం కనపడలేదు.

"అనీసినావు," అంది రత్నాలమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు అనలేదు కాబట్టే నిన్నటిదాకా బతికున్నాడు. ఇప్పుడు అనీసినావు."

నిహారిక ఆమె చెయ్యి పట్టుకుంది. "మాటకి మనుషులు పోరమ్మా. జరిగిందేదో నెల కిందటే జరిగింది. కొట్టినవాడు ఎవడో ఊళ్ళో తిరుగుతున్నాడు. ఢిల్లీబాబు మీద దొంగ అని ముద్ర వేసి తిరుగుతున్నాడు."

"తియ్యి పాపా," అని కళావతి ఎడమ చెయ్యి చాపింది. "నా రగతం తియ్యి. ఆడిని ఇంటికి తెచ్చుకుందాం. ఎలాగా ఆడు లేడు. దొంగ కాదని అయినా సెప్పుకుందాం."

నిహారిక సంచిలోంచి సూది, రెండు చుక్కల రక్తం పట్టే అట్టముక్క, ఫారం తీసింది. ఫారం నింపకుండా సూది గుచ్చకూడదు. పేరు, వయసు, ఊరు రాసుకుంది.

"పిల్లలెందరు?"

కళావతి తడబడింది. జీవితంలో మొదటిసారి ఆ అంకె పైకి చెప్పాలి. "ఇద్దరు," అంది.

"పెద్దబ్బాయి పేరు?"

"ఎంకటేష్. మద్రాసులో సెంట్రింగు పని."

"తమ్ముడు కనపడటం లేదని తెలిసి కూడా రాలేదా?"

"ఫోను కలవట్లేదమ్మా. నెలయ్యింది. ఆడి అలవాటే అది, సిమ్ములు మార్చేత్తాడు, బుద్ధి పుట్టినప్పుడు సేత్తాడు."

నిహారిక కలం ఆగింది.

ఇరవై గళ్ళు కళ్ళ ముందు కదిలాయి. ఈ రెండు చుక్కలు శవంతో కలుస్తాయి, అందులో ఆమెకు అనుమానం లేదు. కానీ కలిస్తే అవి చెప్పేది ఒక్కటే, చనిపోయినవాడు కళావతి కన్న కొడుకని. ఏ కొడుకో చెప్పవు.

"ఆ శవం మీద నీలం గళ్ళ చొక్కా ఉంది. పలాసలో కన్నయ్య టైలర్ అని కాలర్లో పట్టీ ఉంది. మొదట్లో దాన్ని చూసే కదమ్మా, మీరు మావాడిదే అన్నారు?"

"అవును," అంది రత్నాలమ్మ.

"ఆ బట్ట ఎక్కడ కొన్నారు?"

రత్నాలమ్మ కొంగు చివర మడతపెడుతూ చెప్పింది. "పలాసలోనే. ఒకటే తానులో గుడ్డ తీసి, ఇద్దరికీ కుట్టించినాను. ఆడికీ, ఆల్ల అన్నకీ."

అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు.

కళావతి ఫోన్లో ప్రకాష్ మేస్త్రీ అని ఒక నంబరు ఉంది. వెంకటేష్ పనిచేసేది అతని దగ్గరే. నిహారికే కలిపి, అందరికీ వినపడేలా అరుగు మీద పెట్టింది. ఎన్నోసారికో అవతల ఎత్తారు. వెనక కాంక్రీటు మిల్లరు రోద. కళావతి కొడుకు గురించి అడిగింది.

"ఎంకటేసా? ఊరెల్లి నెల అవలేదేటి, పిన్నీ? బేగు సర్దుకుని మరీ ఎల్లినాడు. తమ్ముడు ఫోన్ సేసినాడంట, ఏదో గొడవలో ఇరుక్కున్నాను, ఎంటనే రా, ఇంట్లో సెప్పకు అని. పలాసలో దిగినానని నాకు ఫోను కూడా సేసినాడు. ఏటి, ఇంకా ఇంటికి రాలేదా?"

"అలో, అలో" అని అతనే పెట్టేశాడు.

అప్పుడు నిహారిక ఒక దృశ్యం చూసింది, చూడకుండా ఉంటే బాగుండేదనుకుంది. రత్నాలమ్మ కళ్ళలో వెలుగు తిరిగొచ్చింది. కళావతి కూడా అది చూసింది. చెల్లెలు చూసిందని తెలిసి రత్నాలమ్మ తల దించుకుంది.

"ఢిల్లీబాబు ఒక్కడే వాడిన వస్తువు ఏదైనా ఉందా?" అంది నిహారిక. "బ్రష్షు, దువ్వెన, గడ్డం గీసుకునేది?"

"అన్నీ వేన్లో ఉన్న బేగులోనే," అంది రత్నాలమ్మ నేలకేసి చూస్తూ. ఆ బ్యాగు దొరకలేదు.

కళావతి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. నల్లతాడు పైకి లాగింది. చివర చింతపిక్కంత వెండి తాయెత్తు, అరిగి నున్నబడింది.

"ఇది పనికొత్తాదా పాపా? ఆడి బొడ్డు. ఎండి రాలిపోనాక దాసినాను."

రత్నాలమ్మ తలెత్తింది. "అమ్మీసిన బిడ్డ బొడ్డు మెళ్ళో కట్టుకున్నావేటే?"

"బిడ్డని ఇచ్చేసినానప్పా. ఇది ఇవ్వలేకపోనాను."

నిహారిక తాయెత్తు వైపు వంగి చూసింది. బొడ్డుతాడు తల్లిది కాదు, బిడ్డదే. ఇరవైనాలుగేళ్ళు వెండిలో, పొడిగా, మూతపడి ఉంది. అందులో ఢిల్లీబాబు రాత పూర్తిగా దొరకొచ్చు. లోకంలో వాడిదంటూ మిగిలిన ఒకే ఒక్క ముద్ర అది. శవంతో దాన్ని పక్కపక్కన పెడితే ఇరవై గళ్ళూ అచ్చంగా ఒకటవుతాయి, లేదా కావు. మధ్యలో మరో మాట ఉండదు. ఆ సంగతే వాళ్ళకు చెప్పింది.

"కలిస్తే అప్ప కొడుకు," అంది కళావతి నెమ్మదిగా. "కలవకపోతే పెద్దోడు. అంతేనా?"

"అంతే."

"అలాగైతే నాకు రెండూ ఒకటేనమ్మా." తాడు మెడలోంచి తీసింది. "ఇద్దరినీ నానే కన్నాను. తీసుకో."

తాయెత్తు నిహారిక కాగితం కవరు దాకా రాలేదు. మధ్యలో రత్నాలమ్మ చెయ్యి అడ్డొచ్చింది. పిడికిలి బిగించుకుని అరుగు దిగింది. నాలుగు అడుగుల్లో నుయ్యి.

"అమ్మా, అక్కడే ఆగండి."

"ఒక కొడుకుని ఇచ్చినాదమ్మా ఇది నాకు. ఇచ్చి, సేత్తో ముద్దెట్టుకోకుండా ఇరవైనాలుగేళ్ళు ఎదురింట్లో బతికినాది." రత్నాలమ్మ గట్టు దగ్గర నిలబడి ఇటు తిరిగింది. "ఇప్పుడు ఆ మద్రాసు మేస్త్రీ మాట ఇనగానే నాకు ఏటి అనిపించిందో తెలుసా పాపా? ఎంకటేసు అయితే బాగున్ను అనిపించినాది. నా సేతులతో ఎత్తుకు పెంచిన గుంటడు. ఆడు సచ్చిపోతే బాగున్ను అని. ఇంకో సిటికెడు తవుడు కూడా ఎట్టకుండా, దీనికి మిగిలిన ఒక్క కొడుకుని కూడా అట్టుకుపోదామని సూసినాను."

"మీరు అలా అనుకోలేదు. భయపడ్డారు, అంతే."

"రాసుకో. ఆ సొక్కా నా కొడుకుదే. ఆ సచ్చిపోనోడు నా కొడుకే. నాను గుర్తుపట్టినాను. నాను తలకొరివి ఎట్టుకుంటాను. ఎంకటేసు బతికున్నాడు, ఎక్కడో సిమ్ము మార్చుకుంటన్నాడు. అలగ రాసీ."

"అలా రాయలేనమ్మా. బతికున్నవాడు ఎవడో వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో, ఎవరి చేతిలో ఉన్నాడో మనకి తెలీదు. చనిపోయింది ఎవరో తేలితేనే, వెతకాల్సింది ఎవరినో తేలుతుంది. ఇద్దరిలో ఒకడి మీద ఇంకా ఆశ ఉంది."

ఆ మాట రత్నాలమ్మకు వినపడిందో లేదో. జీపు దగ్గర నుంచి ఫణిశంకర్ పరుగెత్తుకొస్తున్నాడు, కానీ కళ్ళం అంతా అడ్డంగా దాటాలి. కళావతి మాత్రం కదల్లేదు. కూర్చున్నచోటే, తాడు తీసేసిన మెడ మీద నల్లటి వేళ్ళు ఆనించుకుని, "అప్పా," అంది.

రత్నాలమ్మ చెయ్యి నూతి మీద, నీళ్ళకు సరిగ్గా పైన ఉంది. ఆమె చెల్లెలి వైపే చూస్తోంది. బిగించిన పిడికిలి చిటికెనవేలి దగ్గర నుంచి మెల్లగా విడుతోంది.